ప్రధానం (నిశ్చితార్థం) అయ్యాక సంబంధం చెడిపోయింది, విశ్వాసిగా ఇక పెళ్లి గురించి ఎలా ఆలోచించాలి?

సిస్టర్, వందనాలు. ప్రధానం జరిగిన నాలుగు నెలలకు అబ్బాయి వద్దన్నాడని, దేవుడు మీకు నియమించిన మనిషినే పోగొట్టుకున్నారేమోనని భయంగా ఉందని రాశారు. ఆరేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది.

మాది గుంటూరు. సంఘ పెద్దల ముందు ఉంగరాలు, బైబిళ్లు మార్చుకున్నాం. గుడిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి కదా, మొదటిది చదివిన వారంలోనే వాళ్లింటి నుంచి ఫోన్ వచ్చింది. తర్వాతి ఆదివారం మా పేర్లు చదవలేదు. అందరికీ అర్థమైపోయింది. రెండు నెలలు గుడికి వెళ్లలేకపోయాను. ఇంటికి వచ్చినవాళ్లు "దేవుని చిత్తం కాదులేమ్మా" అనేవారు. ప్రేమతోనే అన్నారు. కానీ మూడు రోజులు ఉపవాసముండి, ఇది ఆయన చిత్తమేనని నమ్మి ఒప్పుకున్నదాన్ని నేను. మరి నా ప్రార్థన ఏమైనట్టు?

ఒక సాయంత్రం మా పాస్టరమ్మగారు వచ్చి, నీతులేమీ చెప్పకుండా 88వ కీర్తన చదివారు. బాధతో మొదలైన కీర్తనలు చాలావరకు స్తుతితో ముగుస్తాయి. ఇది అలా కాదు, స్నేహితులు దూరమై చీకటే మిగిలిందన్న మాటతో ఆగిపోతుంది. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో ఉందని తెలిసి ఆ రోజు గట్టిగా ఏడ్చాను. మీరూ ఏడవండి, దాన్ని అవిశ్వాసం అనుకోకండి.

"దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు" అన్న మాట శుభలేఖల మీద చూసీ చూసీ, ఎవరికి ఎవరో ముందే రాసిపెట్టి ఉంటుందనుకునేదాన్ని. మత్తయి 19 తీసి చూస్తే, పరిసయ్యులనే యూదు మతవర్గంవాళ్లు విడాకుల గురించి అడిగినప్పుడు యేసు చెప్పిన మాట అది. పెళ్లయినవాళ్ల గురించిన మాట. ఆదికాండము 24లో ఇస్సాకుకు భార్యగా రిబ్కాను దేవుడు నియమించాడని ఉంది, నిజమే. కానీ అదే అధ్యాయంలో ఇంటివాళ్లు ఆమెను పిలిచి, తీసుకెళ్లడానికి వచ్చిన సేవకుణ్ణి చూపి, ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు. దేవుడు నడిపించిన చోట కూడా ఆమె ఇష్టం అడిగారు. నన్ను వద్దనడం ఆ అబ్బాయి ఇష్టం. దాన్ని నా పాపానికి శిక్షగా చూడడం అక్కడితో మానేశాను.

"ప్రధానమంటే సగం పెళ్లే" అని ఒక పెద్దాయన అన్నప్పుడు మాత్రం బాగా టెన్షన్ పడ్డాను. మరియ, యోసేపుల ప్రధానం అలాంటిదే, దాన్ని తెంచుకోవాలంటే విడాకులివ్వవలసిందే. మన ప్రధానం అది కాదు. ప్రమాణాలు చేసి, గుడి రిజిస్టరులో సంతకాలు పెట్టాకే మనం భార్యాభర్తలం. మీరు ఏ ప్రమాణమూ తప్పలేదు.

నాకిప్పుడు 32. ఇంకా పెళ్లి కాలేదు. పెళ్లి కానివాళ్లను అపొస్తలుడైన పౌలు తక్కువ చేయలేదు, 1 కొరింథీయులు 7 నెమ్మదిగా చదవండి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ప్రార్థన మానలేదు. అయితే ఈసారి అబ్బాయితో విడిగా కూర్చుని, "ఇది మీ ఇష్టమేనా, ఇంట్లోవాళ్ల కోసమా?" అని అడుగుతున్నాను. పోయిన నెల ఒకాయన కాసేపు ఆలోచించి, అమ్మ కోసమేనండి అన్నారు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

అతను ఇచ్చిన బైబిల్ ఏం చేయాలని కూడా అడిగారు. నేను కొన్నాళ్లు బీరువాలో పెట్టి, తర్వాత పాస్టరమ్మగారి చేతికిచ్చాను. పేర్లు రాసిన మొదటి పేజీ తీసేసి, కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఒకామెకు ఇచ్చారు.