బందరులో బొమ్మలు వేసేవాళ్ళకి ఏముంది?

మీరు అడిగింది ఇది: బ్యాంకు ఉద్యోగంలో బందరుకి, అంటే మచిలీపట్నానికి, బదిలీ అయింది, నీటిరంగులతో బొమ్మలు వేస్తారు, హైదరాబాదులో అయితే ఎప్పుడూ ఏదో ఒక ప్రదర్శన ఉంటుంది, బందరులో చిత్రకళ అనేదేమైనా ఉందా, లేక ఉన్నన్నాళ్ళూ కుంచెలు అటకెక్కించాలా అని.

అటకెక్కించక్కర్లేదు. కాకపోతే హైదరాబాదులో వెతికినట్టు వెతికితే మాత్రం ఏమీ దొరకదు. నేను ఆ ఊళ్ళోనే పెరిగి, చాలాకాలం అక్కడే పనిచేసి, సెలవు రోజుల్లో బొమ్మలు వేసుకునే బాపతు. ఆ లెక్కన చెప్తున్నాను.

ముందు చేదు మాట. తెల్లగోడల మీద లైట్లు వేసి బొమ్మలు తగిలించే గ్యాలరీ అనేదాన్ని నేనున్నన్నాళ్ళూ బందరులో చూడలేదు. ప్రదర్శన పెట్టాలంటే ఏ స్కూలు హాలో, ఏ ఫంక్షన్ హాలో బతిమాలుకోవాలి. ఒకసారి మేం కొందరం కలిసి ఒక హాల్లో శని, ఆదివారాలకని బొమ్మలు పెట్టాం. ఆదివారం పొద్దున్నే ఎవరిదో నిశ్చితార్థం ఉంది, దింపేయమన్నారు. దింపి గోడవారన పేర్చాం. భోజనాలయ్యాక ఆ పెళ్ళివారి చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి వాటిని తిరగేసి చూడటం మొదలెట్టారు. మేం కార్డులేసి పిలిచినవాళ్ళకంటే వాళ్ళే ఎక్కువమంది. ఒక పెద్దాయనైతే పడవల బొమ్మ పట్టుకుని, తెడ్డు అలా పట్టుకోరయ్యా అని నాకు పాఠం చెప్పి వెళ్ళారు. అంటే చూసేవాళ్ళు లేక కాదు, తగిలించే గోడ లేక.

ఊరు ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకోకండి. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. స్వదేశీ ఉద్యమం రోజులు కాబట్టి పుస్తకాల చదువొక్కటే కాకుండా చేతిపనులూ నేర్పారు, చిత్రలేఖనమూ నేర్పారు. 1920ల్లో బెంగాల్ నుంచి ప్రమోద కుమార్ చటోపాధ్యాయ వచ్చి బొమ్మలు నేర్పారు. నీటిరంగుల మనిషి కాబట్టి మీకు ఇది ఆసక్తిగా ఉంటుంది: పలచగా రంగు వేసి, ఆరాక కాగితాన్ని తడిపి, మళ్ళీ పలచగా వేసి, అలా పొర మీద పొరగా మసక తెచ్చే బెంగాలీ వాష్ పద్ధతి తెలుగువాళ్ళకి అబ్బిన చోట్లలో బందరు ఒకటి. అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. తర్వాత 1930ల్లో ఆ కళాశాలకే ప్రిన్సిపాలయ్యారు. కౌతా రామమోహన శాస్త్రి, ఆనందమోహన శాస్త్రి సోదరులదీ అదే బడి. జెండా రూపకర్త పింగళి వెంకయ్య కూడా ఆ కళాశాలలో పాఠాలు చెప్పినవారే. 1916లో జాతీయ జెండా ఎలా ఉండాలో రకరకాల నమూనాలు గీసి పుస్తకం వేశారు. అదీ ఒక రకంగా ఈ ఊరి చిత్రకళ చరిత్రలోదే అని నా లెక్క.

ఇంత చరిత్ర ఉందని ఉత్సాహపడి ఆ బొమ్మలు చూడ్డానికి బయల్దేరితే మాత్రం నీరసమొస్తుంది. బందరులో వేసిన బొమ్మల్లో నేను బందరులో చూడగలిగినవి పాత పత్రికల్లో అచ్చయిన ప్రతులే. ఎవరింట్లోనైనా పాత 'భారతి' సంచికలు బైండు చేయించి దాచినవి ఉంటే అడిగి చూడండి, రంగుల బొమ్మల పేజీలుంటాయి. ఆ తరం తెలుగు చిత్రకారుల అసలు కాన్వాసులు ఒక్కచోట చూడాలంటే రాజమండ్రి వెళ్ళి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూడండి. ఆయన 1925లో 28 ఏళ్ళయినా నిండకుండానే పోయారు. అయినా ఆ బొమ్మలు పోకుండా గోడల మీద నిలబడ్డాయి. బందరుకి ఆ అదృష్టం లేకపోయింది.

ఇక అసలు సంగతి పెడన. బందరు పక్కనే, బస్సెక్కితే కునుకు పట్టేలోపు వచ్చేస్తుంది. ప్రపంచానికి బందరు కలంకారీగా తెలిసిన అద్దకం పని ఇప్పుడు ఎక్కువగా జరిగేది అక్కడే. చీరలు కొనుక్కునే ఊరు అనుకుని ఆఖరి వారానికి వాయిదా వెయ్యకండి, మొదటి వారమే వెళ్ళండి. నీటిరంగులు వేసేవాళ్ళకి రంగు, నీరు, కాగితం మధ్య జరిగే గొడవ తెలుసు. అక్కడ అదే గొడవని గుడ్డ మీద వందల ఏళ్ళుగా మచ్చిక చేసుకున్నారు.

ఎలాగంటే, గంజి పోయేదాకా ఉతికిన నూలుగుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకి అలుక్కుపోదు. కరక్కాయ వగరు అసలు పనిచేస్తుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం కలిపిన నీళ్ళలో వేసి వారాల తరబడి మురగబెడతారు. ఆ నీళ్ళు కుండలో ఉన్నంతసేపూ మురికి గోధుమరంగే. అచ్చు గుడ్డ మీద పడి, ఇనుముకి కరక్కాయ తగిలాకగానీ నల్లబడదు. ఎరుపు ఇంకా తమాషా. అచ్చుతో అద్దేది రంగు కాదు, బంక కలిపిన పటిక నీళ్ళు. అద్దిన చోటు ఆనవాలు తెలియడానికి అందులో ఇంకేదో ఉతికితే పోయే రంగు కాస్త కలుపుతారు. తర్వాత గుడ్డని కాగులో వేసి మరిగిస్తే, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది, లేని చోట కడిగితే పోతుంది. ఒకప్పుడు ఆ కాగులో చిరివేరు అనే మొక్క వేరు వేసేవారు, ఇప్పుడు చాలా చోట్ల అలిజరిన్ అనే రసాయన రంగు. అంటే అచ్చు వేసే మనిషి కనపడని బొమ్మ వేస్తున్నాడు, రేపు మరిగాక ఎలా వస్తుందో బుర్రలో పెట్టుకుని. నీటిరంగుల్లో ఆరాక ఎంత వెలుస్తుందో ముందే ఊహించి రంగు కలపడం మనకి గొప్పగా అనిపిస్తుంది కదా, అక్కడ ఓ గంట నిలబడితే ఆ గొప్ప కాస్త దిగుతుంది.

అచ్చు వేసే చేతిని చూడండి. గోనెలు పరిచి మెత్త చేసిన బల్ల. పక్కన రంగు తొట్టి, అందులో రంగు పీల్చుకున్న కంబళి ముక్క. అచ్చుని కంబళి మీద రెండుసార్లు తాటించి, గుడ్డ మీద ఆనించి, మూల సరిచూసి, పిడికిలితో వెనక ఒక్క గుద్దు. మూల కలిసిందా లేదా అన్నది కంటి కొలతే. గీత అచ్చు ఒకటి, అందులో నింపే రంగుకి ఒకటి, ఇంకో రంగుకి ఇంకొకటి. చివర్లో పువ్వు రేకు దగ్గర రంగు గీత దాటి వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంటుంది. స్క్రీన్ ప్రింటులో ఆ జరుగుడు ఉండదు, లేదా ప్రతి పువ్వుకీ ఒకేలా ఉంటుంది. కలంకారీ పేరుతో బజార్లో దొరికేదాంట్లో చాలాభాగం స్క్రీన్ ప్రింటే, పెడనలోనూ అది ఉంది. వేసుకునేవాళ్ళ ఇష్టం, దానికి నేను ఎవర్నీ తప్పుపట్టను. కానీ చెక్క అచ్చు ధర కట్టి రెండోదాన్ని అమ్మితే మాత్రం ఒళ్ళు మండుతుంది.

అచ్చులు చెక్కేవాళ్ళని వెతుక్కుని వెళ్ళండి, వాళ్ళ గురించి పెద్దగా ఎవరూ రాయరు. టేకు చెక్క మీద డిజైను దింపుకుని, సన్నటి ఉలులతో చుట్టూ చెక్క తీసేస్తూ గీతని మిగులుస్తారు. మీరు మాస్కింగ్ ద్రవం పూసి కాగితంలో తెలుపు మిగుల్చుకుంటారే, అదే ఆలోచన, కాకపోతే చెయ్యి జారితే మళ్ళీ మొదట్నించీ. ఆ డిజైన్లలో ఒక వింత కనిపిస్తుంది. బందరు గోల్కొండ సుల్తానులకి రేవుగా ఉన్న కాలంలో సరుకు పర్షియాకి పోయేది, అక్కడివాళ్ళకి నచ్చే తీగలు, కమానులు, సైప్రస్ చెట్లు అచ్చుల్లోకి వచ్చాయి. తర్వాత డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు కొట్లు పెట్టి ఐరోపాకి ఎగుమతి చేశారు. ఇప్పటికీ చుట్టూ తాడిచెట్లు పెట్టుకుని, జీవితంలో ఎన్నడూ చూడని సైప్రస్ చెట్టుని గీత తప్పకుండా చెక్కుతారు. కృష్ణుడూ రామాయణమూ కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. ఆ కలం పనినీ, ఈ అచ్చు పనినీ ఒకటే అనుకుని పెడనలో రామ పట్టాభిషేకం అడగొద్దు. నాటి కోరమండల్ తీరపు అద్దకాలు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, అహ్మదాబాద్ కాలికో మ్యూజియంలోనూ ఉన్నాయి.

వెళ్ళేటప్పుడు రెండు సంగతులు. అడిగి కూర్చుంటే స్కెచ్ వేసుకోనిస్తారు, టీ కూడా ఇప్పిస్తారు, కానీ అచ్చుల్ని దగ్గర్నించి ఫోటో తీయకండి. డిజైను వాళ్ళ తిండి, మీ ఫోన్లోంచి అది ఎక్కడికి పోతుందో మీ చేతిలో ఉండదు. ఇంకోటి, ఈ పనికి ఎండా కావాలి, ఉతకడానికి పారే నీళ్ళూ కావాలి. ముసురు పట్టినా పని మందగిస్తుంది, ఎండాకాలం కాలవలు కట్టేసినా ఇబ్బందే. సంక్రాంతి ముందు నెలలు మంచి అదను.

బొమ్మలకి వస్తువు కావాలంటే గిలకలదిండి. చేపల రేవు అది. అందరూ మంగినపూడి బీచికి పోయి సూర్యోదయం వేస్తారు. నన్నడిగితే సూర్యోదయం బొమ్మలు బందరులో ఇప్పటికే కావలసినదానికంటే ఎక్కువున్నాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. అప్పుడు బోట్లన్నీ ఒడ్డున చేరతాయి, మరమ్మతులు చేసి రంగులు వేసుకుంటారు. ముక్కు మీద కళ్ళూ, దేవుళ్ళ పేర్లూ, పువ్వులూ, పక్కనే పార్టీ రంగులు. ఒడ్డున వంగి అక్షరాలు రాస్తున్న మనిషి ఒకప్పుడు ఊళ్ళో షాపుల బోర్డులు రాసినవాడే అయి ఉండొచ్చు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డు రాతగాళ్ళకి మిగిలినవి బోట్లూ, లారీలూ, స్కూలు గోడలూనే. కుంచె ఒక్కసారి ముంచి 'శ్రీ' మొత్తం ఎత్తకుండా రాసే చెయ్యి ఇంకా ఉంది. చూసి నేర్చుకోవలసిన చెయ్యి అది, అడిగితే సంతోషంగా చూపిస్తారు. ఎండ మాత్రం పదింటికల్లా నెత్తి మాడుస్తుంది, తెల్లారేసరికి అక్కడుండండి.

బొమ్మలు వేసే తోటివాళ్ళు కూడా కావాలి కదా. ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళని కలిపే దారం డ్రాయింగ్ మాస్టార్లు. ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి పిల్లల్ని తయారుచేసే మాస్టార్ల ఇళ్ళలో ఆదివారం పొద్దున్నే చాపలు పరిచి ఉంటాయి. సొంత బొమ్మలు అడిగితేగానీ బయటికి తీయరు, పరుపు కిందో, బీరువా పైనో ఉంటాయి. కోనేరు సెంటర్ వైపు ఫ్రేములు కట్టే షాపులో ఆరా తీయండి, ఎవరు ఏం వేస్తున్నారో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇది చిన్న ఊళ్ళన్నిటికీ వర్తిస్తుందనుకుంటాను. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకి అచ్చులు కోసేవాళ్ళున్నారు, సూక్ష్మమైన పని ఇష్టమైతే అదీ చూడండి.

బొమ్మలు చూడాలనే దాహం తీరకపోతే, పడమటగా ఘంటసాలలో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, బౌద్ధ శిల్పాలు. మనుషులు తక్కువ, పెన్సిలు తీసుకుని తీరిగ్గా కూర్చోవచ్చు. శుక్రవారం సెలవు. విజయవాడ దాదాపు డెబ్భై కిలోమీటర్లు, అక్కడ బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం, అప్పుడప్పుడూ ప్రదర్శనలు.

ఇక మీ కాగితాల సంగతి. ఉప్పుగాలికి, చెమ్మకి నీటిరంగుల కాగితం ఎంత మంచిదైనా అలలు తేలుతుంది, వానాకాలంలో గోధుమరంగు చుక్కలు పడతాయి. ఒక వాష్ ఆరడానికి హైదరాబాదులో పట్టే సమయానికి రెట్టింపు వేసుకోండి, ఆ ఆలస్యం వాష్ పద్ధతికి నిజానికి మంచిదే. కాగితాన్ని బల్లకి టేపుతో బిగించి వేయండి. వేసినవి సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. గోడకి తగిలిస్తే ఫ్రేము వెనక కాస్త ఖాళీ ఉండేలా మూలల్లో కార్కు ముక్కలు అంటించమని ఫ్రేము షాపతనికి చెప్పండి, లేకపోతే తుపాను వానలకి గోడ చెమ్మంతా బొమ్మలోకి దిగుతుంది.