ఫిలిప్పీన్స్ వాళ్ళకి రెండేళ్లు, మనకి పదేళ్లు: ఏటీ లెక్క?

ప్రశ్న: నమస్తే అండీ, మాది పర్లాకిమిడి. ఏడేళ్ల బట్టి షిప్పులో ఫిట్టర్‌గా చేస్తున్నాను. నా పక్క కేబిన్‌లో ఉండే ఫిలిప్పీన్స్ ఆయన ఈ కాంట్రాక్ట్ అయ్యాక మళ్ళీ షిప్ ఎక్కనంటున్నాడు, వాళ్ళావిడ మాడ్రిడ్‌లో ఒక ముసలావిడని చూసుకునే పనిలో ఉందట, ఈయన కూడా అక్కడికే పోతాడట, అక్కడ ఉండడానికి ఇచ్చే రెసిడెన్స్ కార్డు వచ్చాక రెండేళ్లుంటే స్పెయిన్ పౌరసత్వానికి అప్లై చేసేయొచ్చట. నేను కోతలనుకున్నాను. లీవుకి వచ్చాక మాకు తెలిసిన ఏజెంట్‌ని అడిగితే నిజమే బావూ, నీకూ రెండేళ్లే, మొత్తం నాలుగున్నర లక్షలు, ముందు లక్ష కట్టు అన్నాడు. మా ఆవిడేమో ఏటీ వద్దు, ఉన్నది చాలు అంటాది. ఏజెంట్ చెప్పింది నిజమేనాండీ?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది అక్షరాలా నిజం, ఏజెంట్ చెప్పిందాంట్లో మొదటి సగం నిజం. ఆ లక్ష ఇంకా కట్టలేదనే అనుకుంటున్నాను, కట్టకండి.

స్పెయిన్ సివిల్ కోడ్‌లో 22వ ఆర్టికల్ అని ఒకటుంది. మామూలుగా ఎవరైనా అక్కడ పదేళ్లు లీగల్‌గా ఉంటేనే పౌరసత్వానికి అప్లై చేయాలి, శరణార్థులకైతే అయిదేళ్లు. కానీ లాటిన్ అమెరికా దేశాలు, అండోరా, పోర్చుగల్, ఈక్వటోరియల్ గినీ, ఫిలిప్పీన్స్, వీటిలో పుట్టుకతో పౌరులైన వాళ్ళకీ, పూర్వం స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టిన సెఫార్డిక్ యూదుల వంశం వాళ్ళకీ రెండేళ్లు చాలు. ఫిలిప్పీన్స్‌కి ఎందుకంటే 1565 నుంచి 1898 దాకా ఆ దీవులు స్పెయిన్ చేతిలోనే ఉన్నాయి, దేశం పేరే వాళ్ళ రాజు రెండో ఫిలిప్ పేరు. 1898లో యుద్ధం ఓడిపోయి 2 కోట్ల డాలర్లు తీసుకుని అమెరికాకి అప్పజెప్పేశారు. ఇప్పుడు అక్కడ స్పానిష్ మాట్లాడేవాళ్ళు తక్కువే గానీ మీ ఫ్రెండ్‌ని అడిగి చూడండి, టేబుల్‌ని మెసా అంటాడు, స్పూన్‌ని కుత్సారా అంటాడు, సోమవారం లూనెస్ అంటాడు, అవన్నీ స్పానిష్ నుంచి వచ్చినవే. అంటే ఆయనేదో తెలివిగా దారి కనిపెట్టాడని కాదు, మూడొందల ఏళ్ళు వాళ్ళ తాతముత్తాతలు పడ్డదానికి ఇప్పుడొచ్చిన చిన్న రాయితీ అది, ఏజెంట్ దాన్నే మీకు అమ్ముతున్నాడు.

గీతకి ఎటు పడ్డామన్నదాన్ని బట్టి రూల్ మారిపోతుందని పర్లాకిమిడి వాళ్ళకి నేను చెప్పాలా అండీ. 1936 ఏప్రిల్ 1న రాష్ట్రాల మధ్య గీత గీస్తే మీ ఊరు ఒరిస్సాలో పడింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం ఇటు మద్రాసులో ఉండిపోయింది, ఇంట్లో మాట్లాడేది అదే తెలుగు, పండక్కి వచ్చేది అదే చుట్టాలు, కానీ మీ పిల్లాడు ఆంధ్రాలో కాలేజీ సీటుకి వస్తే లోకల్ అనిపించుకోడానికి నాలుగేళ్ళు వరసగా ఇక్కడ చదివిన కాగితం చూపించమంటారు. ఫిలిప్పీన్స్ ఆయన గీతకి అటు పడ్డాడు, మనం ఇటు. మన తెలుగోళ్ళలో కూడా అలా అటు పడ్డవాళ్ళున్నారు, యానాంలో. 1962లో యానాంని మనకి అప్పజెప్పే ఫ్రాన్స్ ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు అక్కడ పుట్టినవాళ్ళకి ఫ్రెంచి పౌరులుగా ఉండిపోతామని ఆరు నెలల్లోపు రాసిచ్చే అవకాశం ఇచ్చారు, కొందరు రాసిచ్చారు.

రెండేళ్లంటే మీ ఫ్రెండ్‌కి కూడా విమానం దిగిన రోజు నుంచి లెక్క కాదు. టూరిస్ట్ వీసా మీద ఉన్న రోజులు చెల్లవు, స్టూడెంట్‌గా ఉన్న రోజులూ చెల్లవు. రెసిడెన్స్ కార్డు మీద, మధ్యలో తెగకుండా, అప్లై చేసే రోజు దాకా ఉన్న కాలమే లెక్క. ఆ తర్వాత రెండు పరీక్షలు. ఒకటి స్పానిష్ భాష, డెలే ఏ2 అంటారు, ఫిలిప్పీన్స్ వాళ్ళకి ఇది తప్పదు, లాటిన్ అమెరికాలో స్పానిష్ మాట్లాడే దేశాల వాళ్ళకైతే మాతృభాష కాబట్టి అక్కర్లేదు. రెండోది వాళ్ళ రాజ్యాంగం, సమాజం మీద, 25 ప్రశ్నల్లో 15 రావాలి. పరీక్షలు పాసయ్యాక కూడా ఫైల్ కదలడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

మీ సంగతికొస్తే పదేళ్లు. ఇన్నేళ్లూ షిప్ మీద ఉన్న కాలం అందులో కలవదు. స్పెయిన్ కార్డు తెచ్చుకుని కూడా ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రం మీదే ఉంటానంటే ఆ తెగకుండా ఉండాలన్న రూల్ దగ్గరే ఇరుక్కుంటారు. ఇంకో పెద్ద తేడా చాలామంది చూసుకోరు. ఫిలిప్పీన్స్ వాళ్ళు స్పెయిన్ పౌరసత్వం తీసుకున్నా పాతది వదులుకోమని స్పెయిన్ అడగదు, వాళ్ళ దేశంలో కూడా 2003లో చట్టం చేశారు, పోయినా ప్రమాణం చేసి మళ్ళీ తెచ్చుకోవచ్చు. మనకి అలా లేదు, వేరే దేశం పౌరుడైన క్షణమే భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్ట్ తిరిగిచ్చేయాలి. భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు వస్తుంది గానీ దాంతో ఓటుండదు, పొలం కొనుక్కోడానికి ఉండదు, నాన్నగారి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. మీ ఆవిడ వద్దంటున్నారంటే ఆవిడకి ఈ లెక్క మనకంటే ముందే తెలిసినట్టుంది.

ఏజెంట్ మాట ఒకటి. విదేశీ ఉద్యోగానికి మనిషిని పంపే వాడికి ప్రభుత్వం రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈమైగ్రేట్ పోర్టల్‌లో పేరు కనపడాలి, సర్వీస్ చార్జి కింద 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకి మించి తీసుకోకూడదు. నాలుగున్నర లక్షలు దేనికో కాగితం మీద రాసిమ్మనండి, రాయడు.

ప్రశ్న: గుణుపూర్ నుంచి రాస్తున్నాను. దుబాయ్‌లో నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి, నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం. వాళ్ళ దేశం పౌరసత్వం నేను కూడా తెచ్చుకుని ఇద్దరం స్పెయిన్ వెళ్తే నాకూ రెండేళ్లేనా?

జవాబు: ముందు శుభాకాంక్షలు, ఇంట్లో చెప్పారో లేదో రాయలేదు. రెండేళ్ల రూల్ పుట్టుకతో ఫిలిప్పీన్స్ పౌరులైన వాళ్ళకే, తర్వాత తెచ్చుకున్న పౌరసత్వానికి వర్తించదు. కానీ మీకు వేరే దారుంది, ఆ అమ్మాయికి స్పెయిన్ పౌరసత్వం వచ్చాక, భర్తగా మీరు అక్కడ ఒక్క ఏడాది లీగల్‌గా కలిసి ఉంటే మీరు అప్లై చేయొచ్చు. ఉత్తుత్తి పెళ్ళిళ్ళు పట్టుకోడానికి ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు, అత్తగారి పేరు దగ్గర్నుంచి. మీది నిజం పెళ్ళే కాబట్టి ఇబ్బందుండదు, అత్తగారి పేరు మాత్రం సరిగ్గా పలకడం నేర్చుకోండి.

ప్రశ్న: రాయగడలో రిటైరయ్యాను. స్పెయిన్‌లో ఇల్లు కొంటే వీసా ఇస్తారంటున్నారు, నిజమా?

జవాబు: ఇచ్చేవారండీ, 2013 నుంచి, 5 లక్షల యూరోల ఇల్లు కొంటే. 2025 ఏప్రిల్ 3తో ఆ తలుపు మూసేశారు. ఇప్పుడెవరైనా ఆ పేరుతో ఫ్లాట్ చూపిస్తే ఫ్లాట్ కావాలంటే కొనుక్కోండి, వీసా రాదు. పెన్షన్ మీద బతకడానికి వేరే వీసా ఉంది, నెలకి సుమారు 2,400 యూరోల ఆదాయం చూపించాలి, అక్కడ పని చేయకూడదు. భార్యని తీసుకెళ్తే ఇంకొంచెం ఎక్కువ చూపించాలి.