381654729 ఒక్కటే ఎందుకు?

381654729 ప్రత్యేకత ఏమిటి, అలాంటిది ఇంకొకటి లేదని ఎలా చెప్పగలం అని అడిగారు. కంప్యూటర్ లేకుండా, ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్లే రైల్లో మా అమ్మాయీ నేనూ దీన్ని కాగితం మీద పట్టుకున్నాం. అలాగే చెబుతాను.

ఇందులో 1 నుంచి 9 వరకు ప్రతి అంకె ఒక్కసారే ఉంది. ఎడమ నుంచి మొదటి రెండంకెలు 38, రెండుతో శేషం లేకుండా పోతుంది. 381 మూడుతో, 3816 నాలుగుతో, ఇలా చివరిదాకా. ఈ తొమ్మిది అంకెలను 3,62,880 రకాలుగా పేర్చవచ్చు. వాటిలో ఈ గుణం ఉన్నది ఇదొక్కటే.

అయిదో స్థానంలో 5 తప్ప ఇంకేదీ కుదరదు. 2, 4, 6, 8 స్థానాల్లో సరి అంకెలే రావాలి కాబట్టి మిగతా చోట్ల 1, 3, 7, 9 సర్దుకుంటాయి. తొమ్మిది గురించి బెంగే లేదు, ఎలా పేర్చినా అంకెల మొత్తం 45, అది తొమ్మిదితో పోతుంది.

అసలు అందం నాలుగు, ఎనిమిది దగ్గర ఉంది. మూడో అంకె బేసి కదా, పక్కన నాలుగోది చేరి 12, 16, 32, 36 లాంటిదే కావాలి. అంటే నాలుగోది 2 లేదా 6. ఆరో అంకె సరి కాబట్టి, ఎనిమిదికి 7, 8 స్థానాల జంట చూస్తే చాలు: 16, 32, 72, 96. అక్కడా 2 లేదా 6. ఇక 4, 8 అంకెలు రెండో చోటికీ ఆరో చోటికీ పోతాయి. మొదటి మూడంకెల మొత్తం, మొదటి ఆరంకెల మొత్తం రెండూ మూడుతో పోవాలి కనుక మధ్య మూడంకెల మొత్తమూ పోవాలి. దాంతో మధ్యలో 258 లేదా 654 మాత్రమే మిగిలాయి. సింగరాయకొండ దాటేసరికి మూడు లక్షల పైచిలుకు కాస్తా పదికి దిగాయి!

ఆ పదింటికి మిగిలిన పరీక్ష ఒక్క ఏడే, మొదటి ఏడంకెలు దానితో పోవాలి. ఏడుకి ఇలాంటి సులువు దారి మాకు తట్టలేదు, ఒక్కొక్కటీ భాగించాల్సిందే. 9876543 చూడగానే వరుసగా దిగుతోంది, ఇదే అయ్యుంటుందని అమ్మాయి సంబరపడింది. శేషం 5 వచ్చింది. కావలి వచ్చేసరికి పదీ కొట్టేశాను. అసలు అలాంటి సంఖ్యే లేదేమో అన్నాను.

తను ఒప్పుకోలేదు. కాగితం లాక్కుని మొదటి నుంచి చూసింది. బిట్రగుంట దాటాక 3816547 దగ్గర వేలు పెట్టి, "నాన్నా, ముప్పై ఆరులో ముప్పై అయిదు పోతే ఒకటి కదా, రెండేశావేంటి?" అంది. అక్కడ దిద్దితే 545221, శేషం సున్నా. మిగతా తొమ్మిదీ ఇద్దరం మళ్లీ భాగించాం, ఒక్కటీ పోలేదు. మీరూ ఆ పదీ రాసుకుని భాగించి చూడండి, అరగంట పని. ఇంకొకటి లేదని అప్పుడు నేను చెప్పక్కర్లేదు.

పడుగుపాడు దాటి పెన్న వంతెన ఎక్కుతుంటే అమ్మాయి చివర ఓ సున్నా చేర్చింది. 3816547290. "ఇప్పుడు పదితో కూడా పోతుంది నాన్నా" అంది.