పెద్దయ్యాక ఇంగ్లిష్ స్పెల్లింగ్ నేర్చుకోవాలంటే పదాల చుట్టరికం పట్టుకోండి

ముప్పై ఏళ్లు దాటాక ఇంగ్లిష్ స్పెల్లింగ్ నియమాలను మొదటి నుంచి నేర్చుకోవడం సాధ్యమేనా, లేక ఒక్కో మాటనూ బట్టీ పట్టడమే గతా అని మీరు అడిగారు. చదవడానికీ మాట్లాడడానికీ ఇబ్బంది లేకపోయినా, నలుగురి ముందు బోర్డు మీద రాయాల్సి వస్తే చేయి ఆగిపోతుందని కూడా చెప్పారు. తెలుగు మాధ్యమంలో చదువుకుని ఉద్యోగంలో చేరాకే ఈ పనికి పూనుకున్నవాణ్ని కాబట్టి, నాకు పనికివచ్చినవీ రానివీ రెండూ చెబుతాను. సాధ్యమే. అయితే నియమం అనగానే మనం ఆశించేది వేరు, ఇంగ్లిష్‌లో దొరికేది వేరు.

తెలుగు రాసేవారికి విన్నది విన్నట్టు రాయడం అలవాటు. ఇంగ్లిష్‌లో సుమారు 44 ధ్వనులకు ఉన్నవి 26 అక్షరాలే కాబట్టి ఆ లెక్క ఆదిలోనే కుదరదు. దానికి తోడు, విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండుకు ముద్రణాయంత్రాన్ని తెచ్చిన తర్వాత స్పెల్లింగ్ క్రమంగా స్థిరపడుతుండగా, అదే కాలంలో దీర్ఘాచ్చుల ఉచ్చారణ పెద్ద ఎత్తున మారిపోయింది. నైఫ్ అనే మాటలో మొదటి కె ఒకప్పుడు నిజంగా పలికిన అక్షరమే. నోరు వదిలేసినా కాగితం వదల్లేదు. అప్పు అనే అర్థంలో వాడే డెట్‌లోని బి కథ ఇందుకు తలకిందులు. ఆ మాట ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చింది, లాటిన్ మూలం గుర్తుండాలని పండితులు తర్వాత దాన్ని చేర్చారు. అంటే ఇంగ్లిష్ స్పెల్లింగ్ ధ్వనిని మాత్రమే కాక, మాట పుట్టుకనూ దాని బంధువులనూ కూడా నమోదు చేస్తుంది. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు చాలా శ్రమ తగ్గేది.

అందుకే ఏ మాట దగ్గర ఆగిపోయినా, దాని చుట్టాలు ఎవరని ముందుగా వెతకండి. సైన్‌లో వినిపించని జి సిగ్నేచర్‌లో స్పష్టంగా వినిపిస్తుంది. మజిల్‌లో మూగగా ఉన్న సి మస్క్యులర్‌లో నోరు విప్పుతుంది. టూ అనే అంకెలో డబ్ల్యూ ఎందుకని విసుక్కునేవారు ట్విన్, ట్వైస్, ట్వెల్వ్, ట్వెంటీ పక్కన పెట్టి చూస్తే ఆ అక్షరం ఇక మరచిపోరు. ఎలక్ట్రిక్, ఎలక్ట్రిసిటీ, ఎలక్ట్రీషియన్ అనే మూడింటిలో ఒకే సి వరుసగా క, స, ష అని పలుకుతున్నా, మూలపదం చెదరకుండా ఉండాలని రాతలో దాన్ని మార్చలేదు. భూతకాలపు ఇ-డి కూడా అంతే. వాక్డ్‌లో అది ట్ అని, కాల్డ్‌లో డ్ అని, వాంటెడ్‌లో ఇడ్ అని వినిపిస్తుంది, రాత మాత్రం ఒక్కటే. చెవిని నమ్మి రాసేవారు తడబడేది సరిగ్గా ఇలాంటి చోట్లే.

ఇక తెలుగువారిని అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టేది జంట అక్షరం. కల, కల్ల అనేటప్పుడు మనకు ద్విత్వం హల్లుకు సంబంధించినది. ఒత్తు పెడితే హల్లును ఒత్తి పలుకుతాం. ఇంగ్లిష్‌లో జంట అక్షరం సాధారణంగా తన గురించి చెప్పదు, తనకు ముందున్న అచ్చు పొట్టిదని చెబుతుంది. డైనర్‌లో ఒక ఎన్, డిన్నర్‌లో రెండు. హోపింగ్‌లో ఒక పి, హాపింగ్‌లో రెండు. ఇంగ్లిష్‌వారు డిన్నర్ అనేటప్పుడు న మీద ఒత్తు పలకనే పలకరు. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే ఇంకొన్ని చిక్కులు వాటంతటవే విడిపోతాయి. పొట్టి అచ్చు తర్వాత మాట చివర వచ్చే సి-కె, టి-సి-హెచ్, డి-జి-ఇ అనే గుంపులు కూడా వేషం మార్చుకున్న జంట అక్షరాలే. కాబట్టి బ్యాక్‌కు సి-కె, బేక్‌కు కె; క్యాచ్‌లో టి ఉంటుంది, కోచ్‌లో ఉండదు; బ్రిడ్జ్‌లో డి ఉంటుంది, కేజ్‌లో ఉండదు. మచ్, సచ్, రిచ్, ‘ఏది’ అనే అర్థంలోని విచ్ లాంటి కొన్ని మాత్రం ఈ మాట వినవు. వాటిని కంఠస్థం చేయక తప్పదు.

రెండు, మూడు అక్షరాంశాలు (సిలబుల్స్) ఉన్న మాటల్లో ఇదే సూత్రానికి ఊనిక, అంటే ఒక భాగాన్ని నొక్కి పలకడం (స్ట్రెస్), తోడవుతుంది. రిఫర్ అనే క్రియలో ఊనిక రెండో భాగం మీద పడుతుంది కాబట్టి రిఫర్డ్‌లో రెండు ఆర్‌లు వస్తాయి; రెఫరెన్స్‌లో ఊనిక మొదటి భాగానికి జరిగిపోతుంది కాబట్టి అక్కడ ఒక్క ఆర్ చాలు. విజిట్‌లో ఊనిక మొదటిదాని మీదే ఉంటుంది కనుక విజిటెడ్‌లో టి జంట కాదు. కమిటెడ్‌లో రెండు టి-లు ఉండి కమిట్‌మెంట్‌లో ఒక్కటే ఎందుకంటారా? అక్షరాన్ని జంట చేయించేది అచ్చుతో మొదలయ్యే ప్రత్యయమే. మెంట్ హల్లుతో మొదలవుతుంది. మనం తెలుగు మాట్లాడేటప్పుడు ఊనికను పట్టించుకోము కాబట్టి చెవి దీన్ని వెంటనే పసిగట్టదు. అందుకే నేను నిఘంటువులో ఉచ్చారణ పక్కన చిన్న నిలువు గీత ఎక్కడుందో చూడడం అలవాటు చేసుకున్నాను. ఊనిక పడే భాగానికి ముందు ఆ గీత ఉంటుంది. బ్రిటిష్ పద్ధతిలో ట్రావెలింగ్‌కు ఊనికతో నిమిత్తం లేకుండా రెండు ఎల్‌లు రాస్తారు, అమెరికన్ పద్ధతిలో ఒక్కటే. నోవా వెబ్‌స్టర్ 1828లో వెలువరించిన నిఘంటువు బలపరిచిన తేడాలు ఇంకా కొన్ని ఉన్నాయి కాబట్టి, మీ ఉద్యోగానికి ఏది అవసరమో తేల్చుకుని దాన్నే పట్టుకోండి.

అకామడేట్ అనే మాటను చాలామంది బూచిగా చూస్తారు. సంధి చదువుకున్న మనకు అది సులభంగా పట్టుబడాలి. ఉత్, చారణ కలిసి ఉచ్చారణ అయినట్టే, లాటిన్ ఉపసర్గ ఎ-డి చివరి డి, తర్వాతి సి-ని చూసి తానూ సి అయిపోయింది. ఆ వెనక వచ్చే రెండు ఎం-లు మూలపదానివే. ఇర్రెగ్యులర్‌లో రెండు ఆర్‌లు, ఇల్లీగల్‌లో రెండు ఎల్‌లు, ఇమ్మెచ్యూర్‌లో రెండు ఎం-లు వచ్చినది ఇలాగే. సంధి లేని చోట ఉపసర్గను విడదీసి చూస్తే చాలు. డిస్ పక్కన అప్పియర్ చేరితే ఒకటే ఎస్, డిస్ పక్కన శాటిస్‌ఫైడ్ చేరితే రెండు. రి పక్కన కమెండ్ చేరింది కాబట్టి రికమెండ్‌లో ఒక సి, రెండు ఎం-లు.

అందరికీ తెలిసిన ‘ఇ కన్నా ఐ ముందు, సి తర్వాత తప్ప’ అనే సూత్రం మీద నాకు పెద్ద గౌరవం లేదు. బిలీవ్, రిసీవ్ లాంటి చోట్ల, అదీ ఈ అనే ధ్వని వచ్చినప్పుడు, అది కొంత నడుస్తుంది. ప్రోటీన్, కెఫీన్, సీజ్ దాన్ని నిలబడనివ్వవు.

ఊనిక లేని అచ్చులు మరో తలనొప్పి, ఎందుకంటే ఎ అయినా ఇ అయినా ఓ అయినా అక్కడ ఒకే అస్పష్టమైన ధ్వనిగా అణగిపోతాయి. దీనికి మనకున్న అలవాటే మందు. బయటికి సరిగ్గానే పలకండి, మనసులో మాత్రం రాసినట్టు చదవండి: బుధవారానికి వెడ్-నెస్-డే, విడిగా అనే మాటకు సెప్-ఆ-రేట్. వీలైన చోట బంధువును కూడా సాక్షిగా పిలవండి. గ్రామర్ చివర ఎ-ఆర్ అని గ్రమాటికల్ చెబుతుంది, డెఫినిట్‌లో ఫైనైట్ దాగి ఉంది.

సాధన విషయంలో, దొరికిన జాబితాలన్నీ ఎక్కించుకోవడం నాకు పనిచేయలేదు. పొరపాటు పడిన మాటలనే ఒక నోటుబుక్కులో రాసుకుని, అకారాది క్రమంలో కాక కారణాన్ని బట్టి విభజించుకున్నాను: జంట అక్షరాలు ఒక పేజీ, అణగిన అచ్చులు ఒక పేజీ, వి–డబ్ల్యూ తికమక ఒక పేజీ. మనకు రెండింటికీ ఒకే వ కాబట్టి ఆ చివరి పేజీ త్వరగానే నిండుతుంది. కంప్యూటర్ చేసే దిద్దుబాటును పూర్తిగా మానుకోనక్కర్లేదు కానీ, ఎర్ర గీత కనబడగానే నొక్కి సరిచేయకుండా, మాటను చెరిపి మీరే మొత్తం తిరిగి టైపు చేయండి. పోగొట్టుకోవడం అనే అర్థంలోని లూజ్‌కు ఒక ఓ, వదులుగా అనే లూస్‌కు రెండు ఓ-లు. సలహాకు అడ్వైస్ అయితే సి, సలహా ఇవ్వడానికి అడ్వైజ్ అయితే ఎస్. ఇలాంటి జంటల్లో తప్పు మాట కూడా నిఘంటువులో ఉన్న మాటే కాబట్టి ఎర్ర గీత చాలాసార్లు రానే రాదు. వాటికి మాత్రం ఒక పేజీ విడిగా కేటాయించి, పంపే ముందు ఉత్తరాన్ని ఆ జాబితాతో ఒకసారి సరిచూసుకోండి.