ల్యాప్‌టాప్ పట్టుకుని ఊళ్లు తిరుగుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

బెంగళూరు కె.ఆర్.పురం నుంచి ఒక తండ్రిగారు రాశారు. కొడుక్కి 24 ఏళ్లు, ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు (బగ్‌లు) పట్టే టెస్టింగ్ ఉద్యోగం, చేరి ఏడాదిన్నర, నెలకు 38 వేలు. ఇప్పుడు అది మానేసి డిజిటల్ నోమాడ్ అవుతాడట, అంటే ఆన్‌లైన్‌లో పని చేసుకుంటూ గోవా, థాయ్‌లాండ్ అని తిరగడం. ‘ఇది మంచిదా, ఎంబీఏ మంచిదా, పోల్చి చెప్పండి’ అన్నారు.

సార్, పోలుస్తాను. కానీ మీ ఉత్తరంలో ఎంబీఏ మాట ఒక్కసారి వచ్చింది, ‘సంబంధాలు’ నాలుగుసార్లు, ‘మా బావమరిది అడిగితే ఏం చెప్పాలి’ రెండుసార్లు. వాడు చేయి దాటిపోతాడేమోనని మీ భయం. ఇలాంటి ప్రశ్న తెచ్చే ప్రతి ఇంట్లోనూ అదే చూస్తున్నాను, అందులో తప్పేం లేదు. ఆ భయం వాడికి చెప్పకుండా ఎంబీఏ పేరుతో రుద్దుతున్నారు చూడండి, అదే తప్పు. కోరి చేరితే, మంచి కాలేజీలో సీటొస్తే ఎంబీఏ మేలే. ఇంట్లో పోరు పడలేక ఎక్కడో చేరితే రెండేళ్లూ పోతాయి, అప్పూ మిగులుతుంది.

ఇక వాడి దారి. నాకూ అనుమానాలున్నాయి, దాచను. ఏడాదిన్నర అంటే ఇంకా పని నేర్చుకునే వయసే. పక్క సీటు సీనియర్ కుర్చీ ఇటు తిప్పి, స్క్రీన్ మీద వేలు పెట్టి ‘ఇదిగో, బగ్ ఇక్కడ పుట్టింది’ అని చూపించే అయిదు నిమిషాలు వీడియో కాల్‌లో దొరకవు. కిందటేడు ఒకబ్బాయి నా ఎదురుగా కూర్చుని చెప్పాడు: గోకర్ణలో వానాకాలం, సరిగ్గా క్లయింట్‌కు డెమో ఇచ్చే వేళకు కరెంటు పోయింది, హోమ్‌స్టే మెట్ల మీద ఒళ్లో ల్యాప్‌టాప్, పైన గొడుగు, ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత. డెమో పోయింది, ఆ నెలాఖరుకి ప్రాజెక్టూ పోయింది. ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలియలేదండీ అన్నాడు, నాన్నకు చేస్తే ‘నేను ముందే చెప్పాను’ అంటారని భయపడ్డాడట.

విదేశం సంగతి ఇంకా గట్టిగా చూడాలి. టూరిస్టు వీసా మీద వెళ్లి గదిలో పని చేసుకుంటే ఎవరికి తెలుస్తుందని కుర్రాళ్లు అనుకుంటారు, ఆ సాహసం వద్దే వద్దు. థాయ్‌లాండ్ 2024లో ఇలాంటివాళ్ల కోసం ఐదేళ్ల వీసా తెచ్చింది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజుల వరకు ఉండొచ్చు, కానీ ఖాతాలో 5 లక్షల బాత్ చూపించాలి, మన డబ్బులో 12 లక్షల పైమాటే. మలేషియా ఐటీ వాళ్లకు ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం అడుగుతుంది. మీవాడి జీతానికి రెండూ ఇప్పట్లో అందవు. పైగా అమెరికా క్లయింట్ అయితే, చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే థాయ్‌లాండ్‌లో రాత్రి 9, ఊరు చూసేది ఎప్పుడు, నిద్రపోయేది ఎప్పుడు? పన్ను కూడా వదలదు, ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే బయట సంపాదించిందీ ఇక్కడి లెక్కలోకే వస్తుంది.

ఇంత చెప్పానని వాణ్ని ఆపమనడం లేదు సార్. రాజీనామా మాత్రం ఆపండి. వేరే ఊరి నుంచి పని చేయడానికి కంపెనీని రాతపూర్వకంగా అనుమతి అడగమనండి, చాలా కంపెనీలు ల్యాప్‌టాప్‌ను దేశం దాటనివ్వవు, ఆ సంగతి ముందే తేలిపోతుంది. ఒప్పుకుంటే మొదటి నెల మీ సొంతూరు మదనపల్లెలోని ఇంటి నుంచే చేయనివ్వండి. ఇంటి సందడిలో, కరెంటు పోయినప్పుడు పని ఎలా నెట్టుకొస్తాడో వాడికే తెలుస్తుంది. ఆరు నెలల ఖర్చు చేతిలో పడ్డాక గోవా. పీఎఫ్ డబ్బు ముట్టుకోవద్దనండి.

24 ఏళ్లకు జీవితం చేజారిపోదు, ఏడాది తిరిగొచ్చి మళ్లీ ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లు నాకు తెలుసు. ఈ ఆదివారం భోజనాల దగ్గర బావమరిది మాట, ఎంబీఏ మాట ఎత్తకండి. ముందు ఏ ఊరు చూడాలనుందిరా అని అడగండి, వాడు చెప్పేది పూర్తిగా వినండి.