కొనేది మిద్దెనా, మిగిలిన ఏళ్లనా?

ప్రశ్న: లాయర్ మేడం గారికి నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంట. నేను, మా ఆయన కలిసి టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. మా ఆయనకు వరసకు అన్న అయ్యే ఒకాయనకు బస్టాండు దగ్గర కింద రెండు షాపులు, పైన ఒక పోర్షన్ ఉన్న మిద్దె ఉంది. స్థలం ఒక మఠానిది. 30 ఏళ్ల లీజుకు తీసుకుని మిద్దె ఆయనే కట్టుకున్నాడు. ఇంకా 7 ఏళ్ల గడువుంది. 26 లక్షలకు ఇస్తానంటున్నాడు. ‘రిజిస్ట్రేషన్ కుదరదు, నోటరీ అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిస్తా, ఆ వీధిలో అందరూ అట్లే కొన్నారు, గడువు తీరినాక మఠమోళ్లే రెన్యువల్ చేస్తారు’ అంటున్నాడు. బ్యాంకులో లోను రాదన్నారు. నా నగలు కుదువ పెట్టి 3 లక్షలు అడ్వాన్సు ఇద్దామని మా ఆయన తొందరపడుతున్నాడు. ఇవ్వొచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు, తిరుపతి

జవాబు: నగలు బీరువాలోనే ఉంచండమ్మా.

మీ బావగారు మిద్దె అమ్ముతానంటున్నారు గానీ, అమ్మడానికి ఆయన దగ్గరున్నది 84 నెలలు. 26 లక్షల్ని 84తో భాగించండి. నెలకు దాదాపు 31 వేలు పడుతుంది. మఠానికి నెలనెలా కట్టేది దీనికి అదనం. అట్లాంటి మిద్దె ఊరికే బాడుగకు తీసుకుంటే ఎంతవుతుందో ఆ వీధిలోనే నలుగుర్ని అడిగి చూడండి. బాడుగే తక్కువైతే ఇక మాట్లాడేదేముంది? ఏడేళ్లలో కరిగిపోయే హక్కును తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకు కూడా అందుకే జంకింది.

ముందు లీజు దస్తావేజు అడగండి. ఫొటోస్టాట్ కాదు, ఒరిజినల్. ఏడాదికి మించిన లీజు ఏదైనా రిజిస్టరు కావాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టరు కాలేదంటే ఆ కాగితం మీద రాసుకున్న 30 ఏళ్లు నిలబడవు. నెలనెలా బాడుగ కడుతుంటే దాన్ని నెలవారీ బాడుగగానే చూస్తారు, 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించొచ్చు. రిజిస్టరయిందో లేదో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టీ) తీస్తే తెలుస్తుంది.

దస్తావేజు చేతికొచ్చాక మొదటి పేజీలో ఆగిపోవద్దు. పన్ను ఎవరు కట్టాలి, సున్నం ఎవరు కొట్టించాలి అనే షరతుల మధ్యలో, హద్దుల పట్టీకి కాస్త ముందు, పాతకాలం రైటర్లు ఒక వాక్యం ఇరికించేవాళ్లు: ‘లీజుదారు సదరు ఆస్తిని ఇతరులకు బదిలీ గాని సబ్‌లీజు గాని చేయరాదు, అట్లు చేసినయెడల లీజు రద్దగును.’ నా దగ్గరికొచ్చిన లీజు తగాదాల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క ముక్కే. దస్తావేజులో ఇట్లాంటి షరతేమీ లేకపోతే లీజుదారు తన హక్కును మరొకరికి బదిలీ చేసుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. షరతుంటే మాత్రం మీరు అడుగుపెట్టిన రోజే మీ బావగారి లీజుకు ఎసరు వస్తుంది. దాంతోపాటు మీ 26 లక్షలకూ.

పైగా ఇది మఠం నేల. 1987 నాటి దేవాదాయ చట్టం కిందికొచ్చే ఆస్తి అయితే కమిషనర్ ముందస్తు అనుమతి లేకుండా అమ్మినా, తాకట్టు పెట్టినా చెల్లదు. ఇట్లాంటి సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22ఏ నిషేధిత జాబితాలో ఉంటాయి. ‘రిజిస్ట్రేషన్ కుదరదు’ అని ఆయన అంత తేలిగ్గా అన్నాడే, ఎందుకు కుదరదో మీరు అడిగారా?

ఇక జీపీఏ. అది ‘నా తరఫున నువ్వు పని చూడు’ అని ఇచ్చే అధికారం, అంతకు మించి ఏమీ లేదు. జీపీఏతో, అగ్రిమెంటుతో ఆస్తి హక్కు చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఆయనకే లేని హక్కును నోటరీ ముద్ర ఎక్కడి నుంచి తెస్తుంది? వీధిలో అందరూ అట్లే కొన్నారన్న మాట నిజమే అయ్యుండొచ్చు. అట్లా కొన్నవాళ్లు కోర్టు వరండాలో కూర్చున్నప్పుడు మాత్రం ఎవరికి వాళ్లే.

రెన్యువల్ మాటకొస్తే, దస్తావేజులో ఆ క్లాజు లేకపోతే అడిగే హక్కే లేదు. దేవాదాయ ఆస్తుల లీజులు మామూలుగా బహిరంగ వేలంలో ఇస్తారు. మీరు ఏడేళ్లు పెంచిన గిరాకీని చూసి ఇంకొకరు పాట పెంచేస్తారు.

ఆయన కట్టిన మిద్దె సంగతేమిటంటారా? లీజు స్థలంలో తాను బిగించుకున్నవి, కట్టుకున్నవి తీసుకుపోయే హక్కు లీజుదారుకు ఉంది. కానీ స్థలం తన స్వాధీనంలో ఉన్నంతవరకే, అదీ మొదట ఎట్లా తీసుకున్నాడో అట్లా అప్పగించేటట్టయితేనే. నా కక్షిదారు ఒకాయన తాళం అప్పగించే ముందురోజు రాత్రి షట్టర్లు, గ్రిల్లు, బోరు మోటారు, చివరికి బాత్రూం తలుపు కూడా విప్పించి ట్రాలీ ఆటోలో వేసుకుపోయాడు. స్లాబు వైపు చూసి ‘దీన్ని ఎట్లా విప్పేదమ్మా?’ అన్నాడు. పదేళ్లయింది, ఇప్పటికీ ఆ స్లాబు కింద ఇంకెవరో వ్యాపారం చేసుకుంటున్నారు.

బావగారి ముఖం చూసి కాదనలేకపోతే ఇట్లా చెప్పండి: బదిలీకి మఠం, దేవాదాయ శాఖ ఇచ్చిన రాతపూర్వక అనుమతి, బాడుగ బకాయి లేదన్న రసీదు తెచ్చిన రోజే అడ్వాన్సు. అదీ రిజిస్టరు దస్తావేజు మీదే. లాయరమ్మ అడిగిందనండి. ఆ చెడ్డపేరు నాకు అలవాటే.

ప్రశ్న: మాది చిత్తూరు. బెల్లం వ్యాపారం కోసం 10 ఏళ్లకు రిజిస్టరు లీజు మీద గోడౌను తీసుకున్నాను. నాలుగో ఏడు మానేసి, మిగిలిన లీజును ఇంకొకరికి రిజిస్టరు బదిలీ చేశాను. బదిలీ చేయకూడదన్న షరతు లీజులో లేదు. కొత్తాయన ఐదు నెలలుగా బాడుగ కట్టలేదట. యజమాని నాకు నోటీసు పంపాడు. నేను వదిలేసిన గోడౌనుకు నేనెందుకు కట్టాలి?

జవాబు: కట్టాల్సి రావచ్చు సార్. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో బదిలీ హక్కు ఇచ్చినచోటే ఇంకో మాట కూడా ఉంది: బదిలీ చేసినంత మాత్రాన పాత లీజుదారు బాధ్యతలు తీరిపోవు. ‘ఇకపై బాడుగకు ఫలానావారే బాధ్యులు, పాత లీజుదారును విడుదల చేశాం’ అని యజమాని చేత ఆ రోజే సంతకం పెట్టించుకుని ఉంటే ఈ నోటీసు మీ గడప తొక్కేది కాదు. ఇప్పుడు నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకోవద్దు. బదిలీ దస్తావేజు తీసి, బాడుగ బాధ్యత కొత్తాయనదేనని, మీకు నష్టం వస్తే ఆయనే భరించాలని రాసుందేమో చూడండి. ఉంటే మీరు కట్టింది ఆయన దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఈ వారంలోనే ఆయనకు మీ తరఫున స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి, అక్నాలెడ్జ్‌మెంటు రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి.