టెక్ సందేహాలు: డోలక్ మోగితే గొంతు ఎందుకు మునుగుతుంది?

భజన బృందాలు, డప్పు కళాకారులు, తత్వాలు పాడే పెద్దలు సొంతంగా రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం మన సీమ జిల్లాల్లో బాగా పెరిగింది. దాంతోపాటే నాకు వచ్చే ప్రశ్నల్లో కంప్రెసర్, బేస్ గొడవలూ పెరిగాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: నమస్తే సార్. మాది చెక్క భజన బృందం. గురువుగారు పాడతారు, పన్నెండు మందిమి వంత పాడుతూ చెక్కలు వాయిస్తాం. హార్మోనియం, డోలక్, తాళాలు ఉంటాయి. నాలుగు మైకులు పెట్టి రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేశాను. ఒక వీడియోలో చెప్పినట్లు ప్రతి ట్రాక్‌కీ కంప్రెసర్, అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ మీద ఇంకో కంప్రెసర్, చివర శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పెట్టాను. డోలక్ గట్టిగా మోగినప్పుడల్లా గురువుగారి గొంతు లోపలికి పోయి మళ్లీ పైకొస్తోంది. ఇంత చేసినా యూట్యూబ్‌లో చప్పగానే ఉంది. ఎక్కడ తప్పుతోంది?
- భజన బృందం సభ్యుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ గురువుగారి గొంతును తొక్కుతున్నది డోలక్ ఎడమ మూత మోత. ఆ పని దాని చేత చేయిస్తున్నది మాస్టర్ మీద ఉన్న కంప్రెసర్.

కంప్రెసర్‌కు పాట తెలియదు. మీరు గీసిన గీత దాటిన శబ్దాన్ని తగ్గించడం ఒక్కటే దాని పని. ఆ గీతనే థ్రెషోల్డ్ అంటారు. రేషియో 4:1 పెట్టారనుకుందాం. గీతను 6 డెసిబెల్స్ దాటిన దెబ్బ 1.5 డెసిబెల్స్ మాత్రమే దాటేలా తగ్గుతుంది. అంటే 4.5 డెసిబెల్స్ కోత. డోలక్ ట్రాక్ మీద పెడితే ఆ కోత డోలక్‌కే పడుతుంది. మాస్టర్ మీద పెడితే ఆ క్షణంలో మోగుతున్న ప్రతిదానికీ పడుతుంది. గురువుగారు ఏ తప్పూ చేయకుండానే ఆయన గొంతు 4.5 డెసిబెల్స్ కిందికి దిగుతుంది. డోలక్ మోత ఆరిపోగానే మళ్లీ లేస్తుంది. చెవికి పెద్దగా అనిపించకపోయినా మీటర్‌ను ఎక్కువగా కదిలించేది బేసే. కాబట్టి బేస్ సర్దకుండా కంప్రెసర్ పెడితే పాట మొత్తం డోలక్ చేతికి వెళ్లిపోతుంది.

ముందు అన్ని కంప్రెసర్లూ, లిమిటరూ ఆపేయండి. ఫేడర్లతోనే, అంటే ఒక్కో ట్రాక్ వాల్యూమ్ మీటలతోనే గొంతు, వంత, వాద్యాల మధ్య పొందిక కుదిరే వరకూ సర్దండి. విసుగు పుట్టించే పనే, కానీ మిక్సింగ్‌లో సగం ఇక్కడే తేలిపోతుంది. తర్వాత గొంతు, హార్మోనియం, చెక్కల ట్రాకులకు కింది స్థాయి శబ్దాన్ని కోసే లో కట్ ఫిల్టర్ పెట్టండి. మగ గొంతుకు 80 హెర్ట్జ్ దగ్గర, చెక్కలకూ తాళాలకూ 200 దాకా వెళ్లినా నష్టం లేదు. ఆ మైకుల్లో అంతకన్నా కింద ఉన్నది పక్కనుంచి జొరబడిన డోలక్ మోత, ఫ్యాను హోరు, కాళ్ల అదురు. నాలుగు మైకుల్లోనూ అదే మోత నాలుగు రకాలుగా చేరి కూడుకుంటోంది కాబట్టే మీ మిక్స్ బురదగా ఉంది.

ఇక కంప్రెసర్. గురువుగారి గొంతు ఒక్కదానికి పెట్టండి చాలు. రేషియో 2:1, గట్టిగా ఎత్తుకున్న చోట మాత్రమే మీటర్‌లో 2 నుంచి 3 డెసిబెల్స్ కోత కనిపించాలి. ముల్లు పాట పొడుగునా కిందికే ఉందంటే థ్రెషోల్డ్ మరీ దింపేశారని అర్థం. ఆయన మైకుకు దూరంగా తల తిప్పి పాడిన పంక్తులుంటే వాటిని కంప్రెసర్‌కు వదలకండి. ఆ ముక్క వరకూ వాల్యూమ్ చేత్తో పెంచండి. పది నిమిషాల పని అది, ఫలితంలో ఏ ప్లగిన్ దానికి సాటి రాదు.

చెక్కల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రీపర్‌లో చెక్క దెబ్బ ఒక్కదాన్ని బాగా పెద్దది చేసి చూడండి. మొదట సూదిలా లేచిన మొన ఉంటుంది, దాని వెనుక గజ్జెల సవ్వడి సన్నగా సాగుతుంది. టక్కుమనే ఆ మొన కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది. ముందే సిద్ధంగా ఉండే ప్రీసెట్‌లో అటాక్, అంటే గీత దాటాక కోత అందుకోవడానికి పట్టే సమయం, 1 మిల్లీసెకను ఉంటే కంప్రెసర్ సరిగ్గా ఆ మొననే కోసేస్తుంది. మిగిలేది గజ్జెల రొద. మీరంతా కలిసి ఒక్కసారి చెక్కలు కొట్టినప్పుడు అట్టపెట్టె మీద తట్టినట్లు వినిపించడానికి కారణం ఇదే. చెక్కలకు కంప్రెసర్ అక్కర్లేదు. పెట్టి తీరాలనుకుంటే అటాక్ 25, 30 మిల్లీసెకన్లకు పెంచండి, మొన దాటిపోయాక అది పని మొదలుపెడుతుంది.

మాస్టర్ మీద ఉన్నదాన్ని నా మాట విని తీసేయండి. చెక్క భజన ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్క గొంతు ఎత్తుకుంటుంది, పన్నెండు గొంతులు అందుకుంటాయి, అడుగు వేగం పెరిగేకొద్దీ దరువు గట్టిపడుతుంది. ఒక్కరికీ పన్నెండు మందికీ మధ్య ఉన్న ఆ తేడాయే వినేవాణ్ణి లేపి నిలబెడుతుంది. మాస్టర్ కంప్రెసర్ ఆ రెండింటినీ ఒకే ఎత్తుకు తెస్తుంది. పాట పొడుగునా ఎక్కడా ఎదగదు. ఎంతో కష్టపడి నేర్చిన ఆటను అలా చదును చేసి జనానికి వినిపించడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. తప్పనిసరైతే రీపర్‌లోని రియాకాంప్ అనే కంప్రెసర్‌లో, శబ్దాన్ని గమనించే డిటెక్టర్‌కు హైపాస్ (పైస్థాయి శబ్దాన్నే లోనికి వదిలే ఫిల్టర్) ఉంటుంది, దాన్ని 120 హెర్ట్జ్ చుట్టూ పెట్టండి. అప్పుడు డోలక్ లోతు కంప్రెసర్‌ను కదిలించదు. శబ్దంలో బేస్ మాత్రం అలాగే ఉంటుంది.

యూట్యూబ్‌లో చప్పదనం సంగతి. కంప్యూటర్‌లో మీ వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. వాల్యూమ్ వరుసలో 100% / 50% అనీ, పక్కన కంటెంట్ లౌడ్‌నెస్ 6 డీబీ అనీ ఉంటే, మీరు పెంచిన శబ్దాన్ని యూట్యూబ్ సగానికి దించి వినిపిస్తోందని అర్థం. అది సుమారు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరకు అందరినీ దించుతుంది. ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటే చెవికి సగటున ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత. మీరు లిమిటర్‌తో -8కి తెచ్చారనుకోండి, అక్కడ 6 డెసిబెల్స్ పోతాయి. పోగొట్టుకున్న మొనలు మాత్రం తిరిగి రావు. -16, -14 మధ్య వదిలేస్తే మీ చెక్కల టక్కు జనం దాకా చేరుతుంది. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని మాస్టర్ చివర పెట్టుకోండి. ఫోన్‌లో పోల్చి వినేటప్పుడు యూట్యూబ్ సెట్టింగుల్లో స్టేబుల్ వాల్యూమ్ ఆపండి. అది కూడా ఎత్తుపల్లాలను చదును చేసేదే.

ఇంకొక్కటి. చాలా కంప్రెసర్లలో కోత పడ్డాక మేకప్ గెయిన్‌తో మొత్తం శబ్దం మళ్లీ పెరుగుతుంది, గట్టిగా ఉన్నది మన చెవికి మంచిగా అనిపిస్తుంది. ఆన్, ఆఫ్ చేసి పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చేసి వినండి. చాలాసార్లు ఆఫ్‌లో ఉన్నదే బాగుందని మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో ఉరుములు (జానపద డోలు వాద్యాలు) వాయించే బృందాన్ని రికార్డు చేశాను. మిక్సింగ్ చేసేది పది అడుగుల పొడుగు, పది వెడల్పు, పది ఎత్తున్న గది. గోడలకు గుడ్ల ట్రేలు అంటించాను. మధ్యలో కూర్చుని వింటే అంతా సరిగ్గా ఉంటుంది. కారులో వేస్తే బూమ్ బూమ్ అని చెవులు దిమ్మెత్తుతున్నాయి. ఫోన్‌లో అయితే ఉరుము ఉన్నట్లే లేదు. స్పీకర్లు మార్చాలా?
- డిగ్రీ విద్యార్థి, కళ్యాణదుర్గం

జవాబు: స్పీకర్లకు డబ్బు పెట్టొద్దు బాబూ, గదిని చూడు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పది అడుగులంటే 3.05 మీటర్లు. 343ను దానికి రెట్టింపుతో భాగిస్తే 56 హెర్ట్జ్ వస్తుంది. రెండు గోడల మధ్య ఆ శబ్దం నిలబడిపోతుంది, దాని రెట్టింపు 112 కూడా. పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కావడంతో నీ గదిలో మూడు వైపులా అవే అంకెలు పడ్డాయి. బేస్‌కు ఇంతకన్నా చెడ్డ కొలత లేదు. సరిగ్గా గది నడుమ కూర్చున్నావు కాబట్టి 56 నీకు దాదాపు వినపడదు. ఉరుము లోతు తక్కువగా ఉందనుకుని ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్‌లో పెంచి ఉంటావు. ఆ పెంచిందంతా కారులో బయటపడింది.

కుర్చీని ఒక గోడ నుంచి నాలుగు అడుగులకు కొంచెం తక్కువ దూరానికి జరిపి, ఆ గోడ వైపు ముఖం పెట్టి కూర్చో. గుడ్ల ట్రేలు బేస్‌కు ఏమీ చేయవు. 56 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతే ఒకటిన్నర మీటరు ఉంటుంది, అట్ట ట్రే దాన్ని ఆపలేదు. మందపాటి దూది పరుపులు చుట్టి మూలల్లో నేల నుంచి పైదాకా నిలబెట్టు, కొంత తేడా తెలుస్తుంది. పూర్తిగా తీరుతుందని చెప్పను, చిన్న గదిలో బేస్ పూర్తిగా తీరదు. అందుకే ఆఖరి తీర్పు హెడ్‌ఫోన్స్‌లో చూసుకో. బేస్ పెంచి చూపే బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఈ పనికి పనికిరావు. నేల కడప బండలదైతే జంపఖానా పరుచు, అది పైస్థాయి శబ్దం గోడకూ నేలకూ కొట్టుకోకుండా చూస్తుంది.

వాల్యూమ్ తగ్గించి మిక్స్ చెయ్. గట్టిగా వింటే బేస్ ఎక్కువున్నట్లు, మెల్లగా వింటే తగ్గినట్లు చెవికి అనిపిస్తుంది. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. పక్కవాళ్లతో మాట్లాడితే వినపడేంత వాల్యూమ్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఫోన్ సంగతి వేరు. దాని చిన్న స్పీకర్ 200 హెర్ట్జ్ కింద పెద్దగా పలకదు. 60 దగ్గర ఎంత పెంచినా ఫోన్‌లో రాదు సరికదా, లిమిటర్ మీద భారం పడుతుంది. అడుగు స్వరం లేకపోయినా దాని పై రెట్లు వినిపిస్తే మన మెదడు ఆ అడుగును తనే పూరించుకుంటుంది. కాబట్టి ఉరుము ట్రాక్‌కు ఆ పై రెట్లను పుట్టించే శాచురేషన్ కొద్దిగా ఇవ్వు, 200 నుంచి 400 మధ్య 2 డెసిబెల్స్ ఎత్తు. ఫోన్‌లో ఉరుము ఉరుముతుంది.

ఈ గోలంతా తప్పించుకునే దారి కూడా ఉంది. ఉరుములు గదిలో ఆడేవి కావు. తెల్లవారుజామున గాలి కదలక ముందు ఊరి బయట రికార్డు చెయ్. గోడల్లేని చోట ఏ బేసూ నిలబడిపోదు. మైకుకు గాలి తొడుగు, 60 దగ్గర లో కట్ ఉంటే చాలు.

ప్రశ్న: మా తాతగారు తంబూర మీటుతూ బ్రహ్మంగారి తత్వాలు పాడతారు. కొత్తగా కొన్న యూఎస్‌బీ మైకు ఆయన నోటి దగ్గరే పెట్టి తీశాను. గొంతు డబ్బాలో నుంచి వచ్చినట్లు బరువుగా ఉంది. కంప్రెసర్ పెడితే ఆయన ఊపిరి తీసుకునే చోట తంబూర ఒక్కసారిగా పెద్దదవుతోంది.
- ఒక పాఠకురాలు, మైదుకూరు

జవాబు: అమ్మా, మైకును నోటికి జానెడుకూ మూరెడుకూ మధ్య దూరానికి జరపండి. ఒక్క ముందు వైపు నుంచే ఎక్కువగా అందుకునే కార్డియాయిడ్ మైకులు దగ్గరికి తెచ్చేకొద్దీ బేస్‌ను పెంచి చూపుతాయి. దూరం జరిపితే అది దానంతటదే పోతుంది, తంబూర శ్రుతి కూడా గొంతుతో కలిసి అందుతుంది. ఇప్పటికే తీసినదానికి 90 దగ్గర లో కట్ పెట్టి, 200 నుంచి 300 మధ్య 3 డెసిబెల్స్ తగ్గించి చూడండి.

గొంతు ఆగగానే కంప్రెసర్ పట్టు వదిలేస్తుంది, అప్పటిదాకా నొక్కిపెట్టిన తంబూర పైకి ఉబుకుతుంది. గొంతూ శ్రుతీ ఒకే ట్రాక్‌లో ఉన్నప్పుడు ఇది తప్పదు. కంప్రెసర్ పూర్తిగా తీసేయండి. పెద్దాయన ఊపిరి, పాదం చివర గొంతు సన్నబడటం అన్నీ అలాగే ఉండనివ్వండి. తత్వానికి అవి కావాలి. అసలు రికార్డింగు ఫైలును ఏ మార్పూ చేయకుండా రెండు చోట్ల దాచండి.

ప్రశ్న: డప్పుకు ముందు ఒకటి, వెనుక ఒకటి రెండు మైకులు పెట్టాం. విడివిడిగా వింటే రెండూ బాగున్నాయి, కలిపితే దమ్మే లేదు.
- డప్పు కళాకారుడు, కర్నూలు

జవాబు: దెబ్బ పడగానే తోలు వెనుక మైకు వైపు జరుగుతుంది, ముందు మైకుకు దూరమవుతుంది. రెండు రికార్డింగులూ ఎదురుబొదురై లోతు కొట్టుకుపోతోంది. రీపర్‌లో వెనుక ట్రాక్ మీద గుండ్రానికి అడ్డగీత ఉన్న బటన్ నొక్కండి, ఆడాసిటీలో అయితే ఇన్వర్ట్ ఎఫెక్ట్ వాడండి. దమ్ము వెంటనే తిరిగొస్తుంది. ఇంకో జాగ్రత్త: మంట దగ్గర కాచిన డప్పు చల్లారేకొద్దీ స్వరం దిగుతుంది. టేకుకూ టేకుకూ మధ్య మళ్లీ కాచండి. లేదంటే మొదటి టేకుకు పెట్టిన ఈక్వలైజర్ చివరి టేకుకు కుదరదు.

ప్రశ్న: మిక్స్ కంప్యూటర్‌లో శుభ్రంగా ఉంది. ఎంపీ3 చేసి ఫోన్‌లో వింటే గట్టి చోట్ల చిటపటలు వస్తున్నాయి.
- ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: లిమిటర్ సీలింగ్, అంటే శబ్దం దాటకూడని పైహద్దు, 0 దగ్గర పెట్టి ఉంటారు. ఎంపీ3 చేసేటప్పుడు మొనలు కొద్దిగా పైకి లేస్తాయి, అక్కడ చోటు లేక పగులుతాయి. సీలింగ్ -1కి దించి, శబ్దపు అసలు మొనను పట్టుకునే ట్రూ పీక్ ఆప్షన్ ఉంటే ఆన్ చేసి మళ్లీ ఎగుమతి చేయండి. యూట్యూబ్‌కు ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలు జోడించిన వీడియోనే ఎక్కించండి. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి.